అదితి అశోక్ అంటే నాలుగో స్థానం ఒక్కటేనా?

గడియారం సెంటర్ (నల్లగొండ) | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఈ వేదికలో క్రికెట్ మీద, కబడ్డీ మీద, నిఖత్ జరీన్ మీద ఎన్ని పోస్టులున్నాయో లెక్కలేదు. మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ అని వెతికితే ఒకే ఒక్క చర్చ దొరికింది. అది టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె నాలుగో స్థానంలో ఆగి పతకం చేజారినప్పటిది. 'అయ్యో, కొంచెంలో పోయింది' అని అందరూ బాధపడి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆమె ఊసే లేదు.

నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది. 2021 ఆగస్టు 7 తెల్లవారుజామున గోల్ఫ్ అంటే ఏంటో తెలియని వాళ్లు కూడా టీవీలు పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రానికి నీరజ్ చోప్రా బంగారు పతకం కొట్టేసరికి పొద్దున జరిగింది మరుగున పడింది. అప్పటికి ఆమె వయసు 23. అంతకుముందు లేడీస్ యూరోపియన్ టూర్ అనే టోర్నీల వరుసలో మూడు టైటిళ్లు గెలిచి ఉంది, ఆ తర్వాత ఇంకో రెండు గెలిచింది. వాటి గురించి మనలో ఎంతమందికి తెలుసు? గెలిచిన ఐదూ వదిలేసి గెలవని ఒక్కదాన్నే పట్టుకుని వేలాడటం ఏం న్యాయం?

ఆమె ఆట గురించి తెలిసినవాళ్లు రాయండి. తెలియనివాళ్లు అడగండి.

జడ్చర్ల రైల్వే గేట్ | శనివారం రాత్రి 9:32

అన్నా, నాకు మొదటి నుంచి చెప్పాలి. ఆ రోజు నేను కూడా చూసిన. స్కోరు ముందు మైనస్ గుర్తు ఉంటే మంచిదంటారు, అదే నాకు అంతుపట్టలేదు. తక్కువ కొట్టినవాళ్లే గెలుస్తరా?

దేవరకొండ పీఈటీ మేడం | శనివారం రాత్రి 9:58

తమ్ముడూ, అంతే. మైదానంలో 18 హోల్స్, అంటే బంతి వేయాల్సిన గుంటలు ఉంటాయి. ఒక్కో హోల్‌కి ఇన్ని దెబ్బల్లో బంతి వేయొచ్చు అని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. టోక్యోలో ఆడిన కసుమిగసెకి మైదానానికి మొత్తం పార్ 71. అదితి నాలుగు రోజుల్లో వరుసగా 67, 66, 68, 68 కొట్టింది. మొత్తం 269. నాలుగు రోజుల పార్ 284 కాబట్టి 15 తక్కువ. టీవీలో కనబడిన మైనస్ 15 అదే. బంగారు పతకం నెల్లీ కోర్డాకి మైనస్ 17తో వచ్చింది. మైనస్ 16 దగ్గర లిడియా కో, మోనే ఇనామి సమానంగా నిలిస్తే వాళ్ల మధ్య మళ్లీ ఆడించి రజతం, కాంస్యం తేల్చారు. అంటే ఒక్క దెబ్బ తగ్గి ఉంటే అదితి కూడా ఆ పోటీలో ఉండేది.

నాలుగు రోజుల్లో 269 దెబ్బలు. అందులో ఒక్కటి. ఈ ఆట ఎంత కఠినమో అక్కడే తెలుస్తుంది.

ఇంకో సంగతి. అప్పుడు నెల్లీ ప్రపంచ నంబర్ 1. అదితి ర్యాంకు 200. చివరి రోజు మొదలయ్యేటప్పటికి అదితి రెండో స్థానంలో ఉంది, వెనక ఉన్నవాళ్లలో చాలామంది ఆమెకంటే పెద్ద ర్యాంకర్లు. ఆమె బ్యాగు మోసింది ఎవరో తెలుసా? వాళ్లమ్మ.

హాలియా బిడ్డ | శనివారం రాత్రి 10:20

మేడం చెప్పింది నిజం. టోక్యోలో అమ్మ కేడీ (బ్యాగు మోసే మనిషి), అంతకుముందు 2016లో రియోలో నాన్న కేడీ. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా కాబట్టి ఆమె గురించి ఇక్కడ ఎక్కువ వింటుంటా. వాళ్లింట్లో అప్పటిదాకా గోల్ఫ్ ఆడినవాళ్లు లేరు. ఐదేళ్ల వయసులో అమ్మానాన్నలతో కలిసి టిఫిన్‌కి వెళ్లిన చోట పక్కనే ఉన్న గోల్ఫ్ మైదానం చూసి అడిగింది, వాళ్లు తీసుకెళ్లారు. అక్కడ మొదలు.

రియో సంగతి కూడా చెప్పుకోవాలి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల గోల్ఫ్ 1900 తర్వాత మళ్లీ రియోలోనే పెట్టారు. 116 ఏళ్లు! అదితికి అప్పుడు 18, అదే సంవత్సరం పన్నెండో తరగతి పరీక్షలు రాసింది. మొదటి రెండు రోజులు 68, 68 కొట్టి పైవరుసలోకి వచ్చింది. తర్వాతి రెండు రోజులు ఆట జారిపోయి 41వ స్థానంలో ఆగింది. అదే ఏడాది నవంబరులో గుర్‌గావ్‌లో మహిళల ఇండియన్ ఓపెన్ గెలిచింది. లేడీస్ యూరోపియన్ టూర్‌లో ఒక భారతీయురాలు టైటిల్ గెలవడం అదే మొదటిసారి. వెంటనే దోహాలో ఇంకోటి. ఆ సీజన్‌లో ఉత్తమ కొత్త క్రీడాకారిణి కూడా ఆమే. 2017లో అబుదాబి. ఇవన్నీ ఇరవై ఏళ్లు నిండకముందే.

కోయిల్‌సాగర్ రైతు | శనివారం రాత్రి 10:41

ఆ అమ్మాయి కష్టాన్ని నేను కాదనను. కానీ ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. గోల్ఫ్ మైదానం అంటే వందకు పైగా ఎకరాల గడ్డి. దానికి ఎండాకాలం కూడా నీళ్లు పెట్టాలి. మా దగ్గర మార్చి వచ్చిందంటే బోర్లు గాలి కొడతాయి. వేరుశనగ ఎండిపోతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లం. నల్లగొండ వాళ్లయితే ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినోళ్లు. ఈ నేల మీద నిలబడి గోల్ఫ్ గురించి మనసారా సంతోషపడటం నాకు చేతకావడం లేదు. ఇది డబ్బున్నోళ్ల ఆట. పేదింటి ఆడపిల్ల ఈ ఆటలోకి వచ్చిన ఉదాహరణ ఒక్కటి చూపించండి.

గడియారం సెంటర్ | శనివారం రాత్రి 10:55

సార్, మీ ప్రశ్న సరైనదే. నా దగ్గర జవాబు లేదు. గోల్ఫ్ మైదానంలో పనిచేసే మన జిల్లా మనిషి ఒకాయన ఇక్కడ ఉన్నాడు. ఆయన చూస్తే రాస్తాడు.

పాలమూరు పచ్చిక (మద్దూరు, ప్రస్తుతం హైదరాబాద్) | ఆదివారం మధ్యాహ్నం 1:15

పొద్దున డ్యూటీలో ఉన్న, ఇప్పుడే చదివిన.

నేను హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ క్లబ్బులో గడ్డి పని చేస్తా. మా నాయన పాలమూరు లేబర్‌తో పోయి డ్యాముల కాడ మట్టి మోసినోడు. నేను గడ్డి కాడికి వచ్చిన. కాబట్టి కోయిల్‌సాగర్ సార్ బాధ నాకు వేరే చెప్పక్కరలేదు. నీళ్ల మాట నిజమే. ఇప్పుడు చాలా మైదానాల్లో శుద్ధి చేసిన మురుగునీళ్లే వాడుతున్నారు, అయినా నీళ్లు నీళ్లే. వెనకటి కాలంలో మన దేశంలో నీళ్లు తక్కువున్న చోట గుంట చుట్టూ గడ్డి గ్రీన్లు ఉండేవి కావు. ఇసుకలో నూనె కలిపి చదును చేసి దాని మీద ఆడేవాళ్లు, వాటిని బ్రౌన్లు అనేవాళ్లు. అంటే ఆటకు గడ్డి ఉండి తీరాలని లేదు.

ఇక పేదోళ్ల సంగతి. ఎస్ఎస్‌పీ చౌరాసియా పేరు వినే ఉంటరు. కలకత్తాలో వాళ్ల నాయన నాలాగే గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే మనిషి. ఆ పిల్లగాడు మైదానంలో తిరుగుతూ తనంతట తానే నేర్చుకున్నడు. 2016లో, 2017లో వరుసగా మొగోళ్ల ఇండియన్ ఓపెన్ గెలిచిండు. రియోకి మన దేశం నుంచి గోల్ఫ్‌కి పోయింది ముగ్గురు: అనిర్బన్ లాహిరి, చౌరాసియా, అదితి. గడ్డి పనోడి కొడుకు, బెంగళూరు అమ్మాయి ఒకే జట్టు. బెంగళూరు మునియప్ప కూడా కేడీగా మొదలై 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచినోడే.

కానీ సార్ అడిగింది ఆడపిల్ల గురించి. అక్కడ నా నోరు మూతపడుతది. మా క్లబ్బులో కేడీలంతా మొగోళ్లే. పిల్లగాడైతే పొద్దున బ్యాగు మోసి, మధ్యాహ్నం ఆట లేనప్పుడు విరిగిన కట్టెతోనైనా నాలుగు బంతులు కొడతడు. మా ఆడోళ్లు కూడా మైదానంలో ఉంటరు, కలుపు తీస్తరు, ఊడుస్తరు. వాళ్ల చేతికి కట్టె ఎవరూ ఇయ్యరు. కూలోని కొడుకు వచ్చిన దారి కూలోని బిడ్డకు లేదు. డబ్బు అడ్డం ఒకటి, దాని మీద ఇది ఇంకోటి.

దేవరకొండ పీఈటీ మేడం | ఆదివారం మధ్యాహ్నం 2:05

అన్నా, మీరు రాసిన ఆ చివరి పేరా మా స్టాఫ్ రూంలో అందరికీ చదివి వినిపిస్తా. కబడ్డీలో, ఖోఖోలో మా పిల్లలు ముందుంటున్నారంటే కారణం అదే. ఆ ఆటల్లో కూతకు, కాళ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒకటి అడగాలి. అదితి పట్టింగ్ గురించి ఎప్పుడూ గొప్పగా చెబుతారు. దగ్గర నుంచి బంతిని గుంటలో వేయడంలో అంత కష్టం ఏముంటుంది? చూడటానికి అన్నింటికంటే తేలిగ్గా కనబడేది అదే కదా.

పాలమూరు పచ్చిక | ఆదివారం మధ్యాహ్నం 3:30

మేడం, నా పని అంతా అక్కడే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా.

గ్రీన్ అంటే గుంట చుట్టూ ఉండే మెత్తటి గడ్డి. దాన్ని మేం మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు ఉండేటట్టు కోస్తం. తెల్లారక ముందే పోయి పొడుగు కర్రతో మంచు దులుపుతం, తర్వాత మిషన్ తోలుతం. ఒక వరుస అటు, ఒక వరుస ఇటు. గడ్డి ఎటు పడుకుందో అటు బంతి వేగం పెరుగుతది, ఎదురైతే తగ్గుతది. పొద్దున తడిగా ఉన్నప్పుడు నెమ్మదిగా పోయే బంతి మధ్యాహ్నం ఎండకు జారుడుబండ మీద పోయినట్టు పోతది. పైగా గుంట రోజూ ఒకే చోట ఉండదు. కట్టర్‌తో కొత్త చోట తవ్వి, పాత గుంటను ఆ మట్టిగడ్డతోనే పూడుస్తం. నిన్న ఆడిన లెక్క ఇవాళ పనికిరాదు.

గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. బంతి దాదాపు 43. వేగం ఎక్కువైతే అంచును తాకి బయటికి వస్తది. తక్కువైతే వాలు లాగేస్తది. కాబట్టి ఆడేవాళ్లు ముందు నేలను చదవాలి. అదితి ఆట చూస్తుంటే నాకు అదే కనబడుతది. వంగి చూస్తది, కాళ్లతో వాలు పసిగడతది, కొట్టేటప్పుడు తల కదలదు. మా క్లబ్బుకు వచ్చే పెద్దమనుషులు అన్నింటికంటే ఎక్కువ చిరాకు పడేది ఈ చివరి నాలుగడుగుల కాడనే.

హాలియా బిడ్డ | ఆదివారం సాయంత్రం 5:12

దీనికి నేను ఒకటి కలుపుతా. అదితి దూరం కొట్టే ఆటగత్తె కాదు. టోక్యోకి రెండు, మూడు నెలల ముందు కరోనా వచ్చి ఒంట్లో బలం తగ్గింది, కొట్టే దూరం ఇంకా తగ్గిపోయిందని ఆమే చెప్పింది. చివరి రోజు నెల్లీతో కలిసి ఆడుతుంటే మొదటి దెబ్బకే నెల్లీ బంతి ఎక్కడో ముందు ఉండేది.

ఇక్కడ ఆట రూలు ఒకటుంది. గుంటకు ఎవరి బంతి ఎక్కువ దూరంలో ఉంటే వాళ్లే ముందు కొట్టాలి. అందుకని రెండో దెబ్బ దాదాపు ఎప్పుడూ అదితిదే ముందు. నెల్లీ చిన్న ఐరన్ కట్టెతో కొట్టే చోట ఈమె పెద్ద కట్టె తీసుకోవాలి. పెద్ద కట్టెతో కొట్టిన బంతిని గుంట పక్కన ఆపడం కష్టం. అయినా ఈమె ఆపేది. ఈమె బంతి గ్రీన్ మీద కూర్చున్నాక నెల్లీ దాన్ని చూస్తూ తన దెబ్బ కొట్టాలి. బలం తక్కువని మనం జాలిపడ్డాం కానీ, ఆ టెన్షన్ నిజానికి అవతలివాళ్ల మీద కూడా ఉంది. పార్ తప్పుతుందనుకున్న చోట పట్టింగ్‌తో ఎన్నిసార్లు నిలబెట్టుకుందో ఆ రోజు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మధ్యలో ఉరుములు, మెరుపులతో ఆట ఆపేశారు. ఇంకో రెండు హోల్స్ ఉన్నాయి. పతకం దొరుకుతుందో లేదో తెలియకుండా అలా కూర్చుని ఎదురుచూడటం 23 ఏళ్ల అమ్మాయికి ఎలా ఉండి ఉంటుంది! తిరిగి వచ్చి కూడా తడబడలేదు. 18వ హోల్‌లో బర్డీ, అంటే పార్ కంటే ఒక దెబ్బ తక్కువలో వేస్తే మైనస్ 16. పట్ కొట్టింది, పడలేదు. అంతే.

జడ్చర్ల రైల్వే గేట్ | ఆదివారం సాయంత్రం 6:40

అక్కా, బాగా చెప్పినవు. కానీ 2023 ఆసియా క్రీడల్లో ఏమైంది మరి? ఏడు దెబ్బల ఆధిక్యంతో చివరి రోజుకు వచ్చి బంగారం పోగొట్టుకుంది కదా. పెద్ద మ్యాచ్ చివర్లో తట్టుకోలేదని మా ఆఫీసులో అంటరు. నేను అనడం లేదు, వాళ్ల మాట చెప్తున్న.

గడియారం సెంటర్ | ఆదివారం సాయంత్రం 7:25

తమ్మీ, మంచి ప్రశ్న తెచ్చావు. ఆ ఆసియా క్రీడలు జరిగిన హాంగ్‌జౌ లెక్క ఇది: మొదటి మూడు రోజులు 67, 66, 61. ఆ 61 చూడు. పార్ కంటే 11 తక్కువ. నాలుగో రోజు 77. థాయ్‌లాండ్ అమ్మాయి అర్పిచాయ యుబోల్ దాటిపోయింది. అదితికి రజతం. ఆ రజతం కూడా ఆసియా క్రీడల గోల్ఫ్‌లో మన ఆడవాళ్లకు వచ్చిన మొట్టమొదటి పతకం. అది అక్టోబరు 1న జరిగింది.

ఇప్పుడు నీ ఆఫీసు వాళ్లకు ఇది చెప్పు. రెండు నెలలు తిరగకముందే, అదే నవంబరు చివర్లో, స్పెయిన్‌లో ఓపెన్ డి ఎస్పానా టైటిల్ గెలిచింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో కెన్యాలో తొమ్మిది దెబ్బల తేడాతో గెలిచింది. తొమ్మిది! ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో అమెరికా మహిళల టూర్ ఎల్‌పీజీఏ టోర్నీలో చివరి హోల్ బర్డీ కొట్టి, సమానంగా నిలిచినవాళ్లు మళ్లీ ఆడే ప్లేఆఫ్‌లోకి వెళ్లింది. అక్కడ హానా గ్రీన్ గెలిచింది. అమెరికా టూర్‌లో మొదటి టైటిల్‌కి అంత దగ్గరికి వచ్చింది.

ఒకే ఏడాదిలో రెండు గెలుపులు, ఒక ప్లేఆఫ్, ఒక రజతం, ఒక చెడ్డ రోజు. మనవాళ్లకు గుర్తున్నది ఆ చెడ్డ రోజు. క్రికెటర్ ఒక మ్యాచ్‌లో సున్నాకి ఔటైతే అతని పాత సెంచరీలు చెరిపేస్తామా? ఆమెకు ఆ మర్యాద ఎందుకు ఇవ్వం?

కోయిల్‌సాగర్ రైతు | ఆదివారం రాత్రి 8:50

ఇవాళ పొలం నుంచి వచ్చి మొత్తం చదివిన. స్పెయిన్ సంగతి నాకు నిజంగా తెలియదు. రెండు నెలల్లో మళ్లీ లేచి నిలబడటం అంటే మాటలు కాదు. ఒక పంట పోతే మళ్లీ విత్తనం కొనడానికి చెయ్యి ఎలా వణుకుతుందో నాకు తెలుసు. ఆ అమ్మాయికి నా నమస్కారం.

నీళ్ల మీద నా మాట మాత్రం మారదు. మన జిల్లాల్లో కొత్త గోల్ఫ్ మైదానం వస్తుందంటే నేను ముందుండి అడ్డం పడతా.

పచ్చిక తమ్ముడూ, బ్రౌన్ల గురించి రాసినవు కదా. గడ్డి లేకుండా, నీళ్లు లేకుండా పిల్లలు నేర్చుకునేది నిజంగా ఏమైనా ఉంటుందా?

పాలమూరు పచ్చిక | ఆదివారం రాత్రి 9:35

ఉంటది సార్. పట్టింగ్ మొత్తం నేర్చుకోవచ్చు. దెబ్బల్లో మూడో వంతుకు పైగా పట్‌లే ఉంటయి. అదితి కూడా మొదట పట్టింగ్ కట్టె, అదే పట్టర్‌తోనే మొదలుపెట్టింది.

ఎర్రమట్టి నేలను బాగా తడిపి, రోలరో నిండు డ్రమ్మో దొర్లించి గట్టిపరచాలి. పైన సన్న ఇసుక జల్లెడ పట్టి పల్చగా చల్లాలి. ఒకసారి తడిపితే చాలు, రోజూ నీళ్లక్కర లేదు. పొలాల్లో లైన్లకు వేస్తరు చూడండి నాలుగంగుళాల పీవీసీ పైపు, దాని బయటి కొలత 110 మిల్లీమీటర్లు. అసలు గుంట 108. జానెడు ముక్క కోసి నేలకు సమానంగా పాతితే గుంట తయారు. లోపలి కొలత ఇంకా కొంచెం తక్కువ కాబట్టి దాంట్లో వేయడం అలవాటైతే అసలుది పెద్దగా కనబడుతది.

దేవరకొండ పీఈటీ మేడం | ఆదివారం రాత్రి 9:50

మా బడి వెనక కబడ్డీ కోర్టు పక్కన అంత జాగా ఉంది. డ్రమ్ము కూడా ఉంది. ప్రిన్సిపల్ మేడంని రేపే అడుగుతా. పైపు ముక్కలు, పట్టర్లు కావాలి. కొత్తవి కొనే స్థోమత బడికి లేదు.

కోయిల్‌సాగర్ రైతు | ఆదివారం రాత్రి 10:02

పైపు నా దగ్గర ఉంది మేడం. పాత లైను తీసేసిన, ముక్కలు పొలం గట్టున పడి ఉన్నయి. కొలత చెబితే కోసి పంపిస్తా. బస్సు పార్సిల్‌లో వస్తాయి.

పాలమూరు పచ్చిక | ఆదివారం రాత్రి 10:10

పట్టర్లు నేను చూస్తా. క్లబ్బులో మెంబర్లు పాతవి వదిలేస్తరు, అడిగితే ఇస్తరు. పిల్లల ఎత్తుకు కోసి పిడి మళ్లీ వేయాలి, అది నాకు వచ్చు. ఒక మాట: ముందు ఆడపిల్లలకే ఇయ్యండి. మొగపిల్లలు తర్వాత.

దేవరకొండ పీఈటీ మేడం | ఆదివారం రాత్రి 10:18

అది మీరు చెప్పాల్సిన పని లేదు అన్నా, మాది బాలికల గురుకులం.

ఇంకో సందేహం. మా ఎనిమిదో తరగతిలో ఎడమచేతి వాటం పిల్లలు ఉన్నారు. వాళ్లకు వేరే పట్టర్ కావాలా?

హాలియా బిడ్డ | ఆదివారం రాత్రి 10:31

మేడం, ఆ పిల్లలకు దీక్షా దాగర్ గురించి చెప్పండి. ఆమెది ఎడమచేతి ఆట. పుట్టుకతోనే వినికిడి లోపం. 2019లో దక్షిణాఫ్రికాలో, 2023లో చెక్ రిపబ్లిక్‌లో యూరోపియన్ టూర్ టైటిళ్లు గెలిచింది. బధిరుల ఒలింపిక్స్‌లో బంగారం ఉంది. టోక్యోలో అదితితో పాటు ఆడింది కూడా. ఆమె మీద వేరే చర్చ మొదలుపెడతా, రేపు ఆఫీసు అయ్యాక.

పాలమూరు పచ్చిక | ఆదివారం రాత్రి 10:44

ఎడమచేతి వాళ్లది వేరే ఉంటది మేడం. రెండు వైపులా కొట్టే పట్టర్లు కూడా ఉంటయి, అవి దొరికితే రెండు రకాల పిల్లలకూ పనికొస్తయి. ఎంతమంది ఉన్నరో, వాళ్ల ఎత్తు ఎంతో రాసి పంపండి. బుధవారం నాకు సెలవు, ఆ రోజు కూర్చుని కోసేస్తా.